వేలాడే కప్పుకు ఊతం: కంప్యూటరులో దాని నమూనా

మన పల్లెటూరి ఇళ్ళలో పూర్వం ఉట్టి ఉండేది. ఇంటి దూలానికి తాడు కట్టి, దాని చివర అల్లిన ఉట్టిలో పాలకుండో పెరుగుకుండో పెట్టేవారు. ఉట్టి కట్టే ఇల్లాలు టేపు పట్టుకుని కొలతలు తీసేది కాదు. ఆమెకు తెలిసినవి మూడే నియమాలు. కుండ తన చేతికి అందాలి. పిల్లికి అందకూడదు. తాడును దూలానికే కట్టాలి గాని చూరుకు వేలాడే వెదురుబద్దకు కట్టకూడదు. ఇల్లు మారి దూలం ఎత్తు మారితే తాడు పొడవు మారేది. కాని ఆ మూడు నియమాలు ఏ ఇంట్లోనూ మారేవి కావు.

ఈ వ్యాసంలో చెప్పబోయే విషయమంతా దాదాపు ఆ ఉట్టిలోనే ఉంది. భవనాల నమూనాలు తయారుచేసే కంప్యూటరు సాఫ్ట్‌వేరులో, ఫాల్స్ సీలింగును పట్టుకుని ఉండే ఊతాలను ఎలా తయారుచేయాలి? ప్రతి ఊతానికి కొలత ఇవ్వాలా, లేక నియమం ఇవ్వాలా? నియమం ఇచ్చేశాక మన పని తీరిపోయినట్లేనా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఇక్కడి ప్రయత్నం. సివిలు, ఆర్కిటెక్చరు విద్యార్థులకు ఇది నేరుగా పనికివస్తుంది. తక్కిన మిత్రులకు కూడా, తాము రోజూ ఏ కప్పు కింద కూర్చుంటున్నారో తెలుసుకోవడానికి పనికిరాకపోదు.

తలపైన ఏముంది?

ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, సినిమాహాళ్ళలో, ఇప్పుడు చాలా తరగతి గదుల్లో కూడా తలెత్తి చూస్తే తెల్లని పలకల కప్పు కనబడుతుంది. అదే ఫాల్స్ సీలింగు. పేరులోనే ఉంది, అది అసలు కప్పు కాదని. అసలు కప్పు, అంటే శ్లాబు, దానికి రెండు మూడడుగుల పైన ఉంటుంది. ఆ రెండింటి నడుమ ఖాళీలో ఎ.సి. డక్టులు, కరెంటు తీగెలు, నీటి గొట్టాలు పోతుంటాయి.

ఈ కప్పు కట్టే తీరు చాలా సులువుగా ఉంటుంది. ముందుగా గది గోడల చుట్టూ ఒకే ఎత్తులో రేకు యాంగిలు బిగిస్తారు. తరువాత తలకిందులైన "టి" అక్షరం ఆకారంలో ఉన్న పొడవైన రేకు పట్టీలను 1200 మిల్లీమీటర్ల ఎడంలో వరుసలుగా వేస్తారు. వీటిని మెయిన్ టీలు అంటారు. వాటి నడుమ చిన్న పట్టీలు, అంటే క్రాస్ టీలు, అమర్చితే 600 × 600 మి.మీ. గడుల చట్రం తయారవుతుంది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క పలక పెడితే పని పూర్తయినట్లే.

ఐతే ఈ చట్రమంతా గాలిలో నిలవదు కదా! మెయిన్ టీలను పైనున్న శ్లాబుకు వేలాడదీసే తీగలను హాంగర్లు అంటారు. సామాన్యంగా ఇది 12 గేజి గాల్వనైజ్డు తీగ. దీని వ్యాసం సుమారు 2.7 మి.మీ. ఒక మెయిన్ టీ మీద హాంగరుకు హాంగరుకు మధ్య దూరం 1200 మి.మీ. మించకుండా చూస్తారు. తీగ పైకొన, శ్లాబులో డ్రిల్లుతో రంధ్రం చేసి బిగించిన యాంకరుకు తగిలి ఉంటుంది. కింద కూర్చున్నవాడికి పలకే కనిపిస్తుంది, తీగ కనిపించదు, యాంకరు అసలే కనిపించదు. మన కథలో అన్నిటికన్నా ముఖ్యమైన పాత్ర మాత్రం ఆ కనిపించని యాంకరుదే.

పరామితి అంటే ఏమిటి?

మామూలు డ్రాయింగులో ఒక గీత గీసి దానికి 900 అని పొడవిస్తాం. ఆ గీతకు తాను 900 అని తెలుసు. ఎందుకు 900 అయిందో తెలియదు. రేపు శ్లాబు ఎత్తు మారితే గీత మాత్రం 900 గానే పడి ఉంటుంది. దానిని సరిదిద్దే బాధ్యత మనదే. వంద గదుల భవనంలో నాలుగైదు వేల హాంగర్లుంటే, వాటిని ఒక్కటొక్కటిగా సరిదిద్దే ఓపిక ఎవరికుంటుంది?

గీతకు కొలతకు బదులు సంబంధం నేర్పవచ్చుననే ఆలోచన కొత్తదేమీ కాదు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ తన డాక్టరేటు పరిశోధనగా స్కెచ్‌పాడ్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. తెరమీద లైట్‌పెన్నుతో గీసిన గీతలకు "ఈ రెండూ సమాంతరంగా ఉండాలి", "ఈ రెండూ సమానంగా ఉండాలి" అని షరతులు పెడితే ఆ ప్రోగ్రాము వాటిని పాటించేది. 1980ల చివరలో యంత్రభాగాల రూపకల్పనలోకి ఈ పద్ధతి వ్యాపారస్థాయిలో వచ్చింది. భవనాల విషయానికి వస్తే, 1997లో మొదలైన ఒక చిన్న కంపెనీ 2000లో రెవిట్ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. 2002లో ఆటోడెస్క్ సంస్థ దానిని కొనుక్కుంది. ఇవాళ మన ఇంజనీరింగు కాలేజీల్లోనూ, హైదరాబాదులో విదేశీ భవనాలకు నమూనాలు తయారుచేసే ఆఫీసుల్లోనూ ఎక్కువగా వాడుకలో ఉన్న వాటిలో ఇదొకటి గనుక, ఉదాహరణలన్నీ దీని నుంచే ఇస్తాను.

ఇందులో మార్చడానికి వీలైన కొలతను పరామితి అంటాం. పొడవు ఒక పరామితి, తీగ మందం ఒక పరామితి, హాంగర్ల మధ్య ఎడం ఒక పరామితి. ఒక పరామితిని ఇంకొక దానితో సూత్రం ద్వారా ముడిపెట్టవచ్చు. అప్పుడు ఒకటి మారితే రెండవది దానంతట అదే మారుతుంది.

ఇక్కడొక సంగతి ముందే చెప్పుకోవాలి. రెవిట్‌లో సీలింగు వేయడానికి సిద్ధంగా ఒక ఆజ్ఞ ఉంది. గది మీద మౌసు నొక్కితే క్షణంలో సీలింగు వేసేస్తుంది, 600 గడులు కూడా కనిపిస్తాయి. కాని ఆ గడులు పలక మీద గీసిన ముగ్గు వంటివే. వాటిలో నిజమైన టీ పట్టీ లేదు, ఒక్క హాంగరు కూడా లేదు. చూసేవాడికి కప్పు పూర్తయినట్లే ఉంటుంది, నిజానికి అది దేనికీ వేలాడటం లేదు! కాబట్టి ఊతం కావలసినవాడు ఊతాన్ని తానే తయారుచేసుకోవాలి. ఇలా తయారుచేసి దాచుకుని, కావలసినచోట పెట్టుకునే వస్తువును ఆ సాఫ్ట్‌వేరులో ఫ్యామిలీ అంటారు.

ముందు అస్థిపంజరం, తరువాత మాంసం

కొత్తగా నేర్చుకునేవారు చేసే మొదటి తప్పు, నేరుగా తీగ బొమ్మ గీయడం. అలా చేయకూడదు. మొదట కనిపించని తలాలు గీసుకోవాలి. వాటిని రిఫరెన్స్ ప్లేనులు అంటారు. మన హాంగరుకు నిలువుదిశలో రెండు ప్రధాన తలాలు చాలు. ఒకటి శ్లాబు అడుగుభాగం, రెండవది మెయిన్ టీ పైఅంచు. ఈ రెండింటి మధ్య కొలత గీసి, ఆ కొలతకు "పొడవు" అని పేరు పెట్టాలి. అదే మన పరామితి. అటుపైన తీగను గీసి, దాని పైకొనను పైతలానికి, కిందికొనను కిందితలానికి తాళం వేయాలి. తాళం తలానికి వేయాలి గాని, ఒక బొమ్మ అంచును ఇంకొక బొమ్మ అంచుకు వేయరాదు. అలా వేస్తే ఒకటి కదిలినప్పుడు రెండవది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

బొమ్మ గీయకముందే తలాలను ఒకసారి ఆడించి చూడాలి. పొడవుకు 150 ఇచ్చి చూడాలి, 900 ఇచ్చి చూడాలి, 3000 ఇచ్చి చూడాలి. మూడింటికీ తలాలు సరిగా కదిలితేనే ముందుకు పోవాలి. అస్థిపంజరం కదలనప్పుడు పైన ఎంత మాంసం పెట్టినా ప్రయోజనం లేదు.

రెండవ తప్పు ఇంకొంచెం లోతైనది. పరామితులలో రెండు జాతులున్నాయి. ఒకటి రకానికంతటికీ వర్తించేది, దీనిని టైపు పరామితి అంటారు. దానిని మారిస్తే ఆ రకం వస్తువులన్నీ ఒకేసారి మారతాయి. రెండవది ఒక్కొక్క వస్తువుకూ విడివిడిగా ఉండేది, అది ఇన్‌స్టెన్స్ పరామితి. తీగ మందం మొదటి జాతి, ఎందుకంటే భవనమంతా ఒకే గేజి తీగ వాడతాం. మరి పొడవో? నేల నుంచి శ్లాబు అడుగు 3600 మి.మీ. ఎత్తున, సీలింగు 2700 మి.మీ. ఎత్తున ఉన్నాయనుకుందాం. హాంగరు పొడవు 900 అవుతుంది. కాని అదే గదిలో శ్లాబు కిందికి 450 మి.మీ. దిగిన బీము ఉంది. బీము కింద హాంగరుకు 450 మి.మీ. పొడవే కావాలి. పొడవును టైపు పరామితిగా పెట్టి 900 అని రాసినవాడి నమూనాలో తీగ బీములోకి 450 మి.మీ. దూరిపోతుంది. తెరమీద ఎవరికీ నొప్పి కలగదు. కొలతల పట్టికలో మాత్రం తీగ ఎక్కువ వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, అక్కడ యాంకరు బిగించవలసింది శ్లాబులో కాదు, ఇనుము దట్టంగా ఉన్న బీము అడుగులో అనే సంగతి మరుగున పడిపోతుంది.

కాబట్టి పొడవు ఇన్‌స్టెన్స్ పరామితిగానే ఉండాలి. ఇంకా మంచిది, పొడవును మనం టైపు చేయకుండా ఉండటం. దీనికి రెండు మార్గాలు. హాంగరును రెండు బిందువుల మీద ఆధారపడే ఫ్యామిలీగా చేసి, ఒక బిందువును టీ మీద, రెండవదాన్ని శ్లాబు అడుగున పెట్టవచ్చు. లేదా డైనమో వంటి ఉపప్రోగ్రాము సాయంతో, ప్రతి హాంగరు స్థానం నుంచి పైకి ఒక ఊహాకిరణం పంపి, అది మొదట ఏ కాంక్రీటుకు తగులుతుందో కనుక్కుని, ఆ దూరాన్నే పొడవుగా ఇవ్వవచ్చు. ఉట్టి కట్టే ఇల్లాలు చేసినది ఇదే. తాడు పొడవు ఆమె నిర్ణయించలేదు, దూలమే నిర్ణయించింది.

ఎన్ని హాంగర్లు? ఒక చిన్న లెక్క

ఇప్పుడు ఒక గది తీసుకుందాం. పొడవు 9 మీటర్లు, వెడల్పు 7.2 మీటర్లు. మెయిన్ టీలు పొడవు దిశలో, 1.2 మీటర్ల ఎడంలో. అంటే గోడలను వదిలితే 5 వరుసలు వస్తాయి. భూకంపాల ప్రాంతాలకు అమెరికాలో రాసుకున్న నిబంధనలలో, గోడకు 200 మి.మీ. లోపల ఒక హాంగరు ఉండాలని ఉంది. మంచి నియమం కనుక మనమూ పాటిద్దాం. రెండు చివరలా 200 చొప్పున వదిలితే మిగిలింది 8600 మి.మీ. దీనిని 1200తో భాగిస్తే 7.17 వస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు. హాంగర్ల మధ్య ఖాళీలు 7.17 ఉండవు, పూర్ణసంఖ్యే ఉండాలి. పూర్ణసంఖ్య పరామితికి దశాంశం వచ్చే సూత్రం ఇస్తే, సాఫ్ట్‌వేరు దానిని దగ్గరి పూర్ణసంఖ్యకు సరిచేస్తుంది. 7.17కు దగ్గరిది 7. అప్పుడు ఎడం 8600 ÷ 7 = 1229 మి.మీ. అంటే మనమే పెట్టుకున్న 1200 హద్దును మన సూత్రమే దాటేసింది! తెరమీద హాంగర్లు సమానదూరాల్లో, చూడముచ్చటగా ఉంటాయి. ఏ ఎర్రగీతా రాదు. మొదటిసారి ఈ సూత్రం రాసినప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను. సూత్రం పనిచేస్తున్నదన్న సంతోషంలో ఎడం ఎంత వచ్చిందో చూడనే లేదు.

దగ్గరికి కాదు, ఎప్పుడూ పైకే సరిచేయాలి. అందుకు ఆ సాఫ్ట్‌వేరులోనే రౌండప్ అనే ప్రమేయం ఉంది. అప్పుడు సూత్రం ఇలా ఉంటుంది:

ఖాళీల సంఖ్య = రౌండప్ ((మెయిన్ టీ పొడవు − 400) ÷ 1200)
హాంగర్ల సంఖ్య = ఖాళీల సంఖ్య + 1
ఎడం = (మెయిన్ టీ పొడవు − 400) ÷ ఖాళీల సంఖ్య

మన గదికి ఖాళీలు 8, హాంగర్లు 9, ఎడం 1075 మి.మీ. ఐదు వరుసలకు మొత్తం 45 హాంగర్లు. ఒక్క చిన్న మాటలో, అంటే "దగ్గరికి" అనే దానికి బదులు "పైకి" అన్నందువల్ల, ఐదు హాంగర్లు పెరిగాయి, కప్పు తన హద్దులో నిలిచింది.

ఒక్కో హాంగరు మీద పడే బరువు కూడా చూద్దాం. మధ్యలో ఉన్న హాంగరు 1.075 × 1.2 = 1.29 చదరపు మీటర్ల కప్పును మోస్తుంది. పలకలు, చట్రం కలిపి చదరపు మీటరుకు 6 కిలోలనుకుంటే, బరువు 7.7 కిలోలు, అంటే సుమారు 76 న్యూటన్లు. తీగ అడ్డుకోత వైశాల్యం 5.7 చదరపు మి.మీ. కాబట్టి తీగలో ఒత్తిడి చదరపు మి.మీ.కు 13 న్యూటన్లే. మామూలు మెత్తని ఉక్కు కూడా 250 దాకా ఓర్చుకుంటుంది. అంటే తీగ తెగే ప్రశ్నే దాదాపు లేదు. ఈ లెక్క చూసి మనం ధైర్యపడతాం. కాని గొలుసు బలం దాని బలహీనమైన లంకెలోనే ఉంటుంది, తీగలో కాదు. ఆ లంకె దగ్గరికి తరువాత వస్తాను.

దారిలో డక్టు అడ్డువస్తే?

కాగితం మీద హాంగర్లన్నీ నిలువుగా, నిటారుగా ఉంటాయి. నిజంగా కట్టేచోట పైకి చూస్తే మీటరు వెడల్పు డక్టు సరిగ్గా హాంగరు నెత్తిమీదనే ఉంటుంది. అప్పుడు మేస్త్రీ మూడు పనులలో ఒకటి చేస్తాడు. తీగను పక్కకు వంచి శ్లాబుకు కడతాడు. లేదా డక్టుకే కట్టేస్తాడు. లేదా ఆ హాంగరును వదిలేస్తాడు.

రెండవది, మూడవది ఎంతమాత్రమూ కూడదు. డక్టు బరువుకే దాని సొంత ఊతాలు లెక్కకట్టి ఉంటారు. పైగా అది అదురుతుంది, వేడికి సాగుతుంది, మరమ్మతుకు విప్పుతారు. చూరుకు వేలాడే బద్దకు ఉట్టి కట్టడమంటే ఇదే. మొదటి పద్ధతికి హద్దుంది. తీగ వాలు ఆరింటికి ఒకటి మించరాదని, మించితే ఎదురువైపు ఇంకొక తీగ వేయాలని ప్రమాణాలు చెబుతాయి. 900 మి.మీ. ఎత్తుకు ఇది 150 మి.మీ. పక్కకు జరగడం మాత్రమే. మీటరు వెడల్పు డక్టు నడిమధ్యన ఉన్న హాంగరు 500 మి.మీ. జరగాలి. కాబట్టి వంచడం కుదరదు. డక్టుకు రెండు పక్కలా రెండు హాంగర్లు దించి, డక్టు కింద అడ్డంగా ఒక చానలు వేసి, ఆ చానలు నుంచి మన టీని వేలాడదీయాలి. దీనిని ట్రాపీజు ఊతం అంటారు.

ఈ తెలివినంతా ఫ్యామిలీకే నేర్పవచ్చు. "పక్కకు జరిగిన దూరం" అనే పరామితి పెట్టి, దానిని ఆరుతో గుణించినప్పుడు పొడవును మించుతున్నదా అని అడిగే అవును-కాదు పరామితి ఒకటి రాస్తే చాలు. మించితే హాంగరు పక్కన ఎర్రని గుర్తు కనిపించేలా చేయవచ్చు. నమూనా మనకు నచ్చే బొమ్మను చూపడం కన్నా, మనకు నచ్చని నిజాన్ని చూపడం గొప్ప. నా దృష్టిలో పరామితుల పద్ధతికి అసలు విలువ ఇక్కడే ఉంది.

ఇంకొక జాగ్రత్త. శ్లాబు నమూనా సాధారణంగా స్ట్రక్చరల్ ఇంజనీరు ఫైలులో ఉంటుంది, మనం దానిని మన ఫైలుకు జతచేసుకుంటాం. ఆయన శ్లాబును తీసివేసి మళ్ళీ గీస్తే, దాని అడుగుకు అంటించిన మన హాంగర్లు అనాథలవుతాయి. అవి మాయం కావు, ఉన్నచోటనే గాలిలో నిలబడి ఉంటాయి! ఆధారం పోయిందని వాటి వివరాల పట్టికలో చిన్న అక్షరాలతో ఉంటుంది. కొత్త ఫైలు వచ్చినప్పుడల్లా ఆ పట్టిక తీసి, ఆధారం లేని హాంగర్లు ఎన్ని ఉన్నాయో చూడటం అలవాటు చేసుకోవాలి.

సాఫ్ట్‌వేరుకు తెలియనిది

ఇంతవరకు చెప్పినదంతా చేసినవాడి నమూనా చక్కగా ఉంటుంది. పొడవులు సరిగా ఉంటాయి, ఎడాలు హద్దులో ఉంటాయి, డక్టు దగ్గర ట్రాపీజు ఉంటుంది. ఇక కప్పు పడదని చెప్పొచ్చా? చెప్పలేం. ఎందుకో చరిత్ర నుంచి మూడు ఉదాహరణలు చూద్దాం. మూడింటిలోనూ వేలాడే ఊతమే ముద్దాయి.

1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటలులో, హాలు మధ్యన ఉక్కు కడ్డీలకు వేలాడదీసిన నడకదారులు రెండు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైనులో పైకప్పు నుంచి దిగిన ఒకే కడ్డీ నాలుగవ అంతస్తు నడకదారి గుండా పోయి, రెండవ అంతస్తు నడకదారిని కూడా మోయాలి. కట్టేటప్పుడు సౌకర్యం కోసం ఒక్క కడ్డీని రెండుగా చేశారు. పైకడ్డీ నాలుగవ అంతస్తు దాకా, కిందికడ్డీ అక్కడి నుంచి రెండవ అంతస్తు దాకా. చూడటానికి తేడా ఏమంత కనిపించదు. కాని నాలుగవ అంతస్తు బీము కింద ఉన్న నట్టు మీద అంతకుముందు ఒక నడకదారి బరువుంటే, ఇప్పుడు రెండింటి బరువు పడింది. తాడు పట్టుకుని ఇద్దరు వేలాడటం వేరు, ఒకడి కాళ్ళు పట్టుకుని ఇంకొకడు వేలాడటం వేరు కదా! కడ్డీ తెగలేదు, నట్టు బీమును చీల్చుకుని బయటకు వచ్చింది. మొదటి డిజైను కూడా నిబంధనలకు సరిపోయేది కాదని తరువాతి దర్యాప్తులో తేలింది.

2006 జులై 10న బోస్టను నగరంలో సొరంగమార్గం లోపలి సీలింగులోని కాంక్రీటు పలకలు కారు మీద పడి ఒక ప్రయాణికురాలు మరణించింది. యాంకర్లను రంధ్రాల్లో ఎపాక్సీ జిగురుతో బిగించారు. బిగించిననాడు పరీక్షిస్తే అవి గట్టిగానే ఉన్నాయి. కాని అక్కడ వాడిన రకం ఎపాక్సీ, ఎడతెగని బరువుకు నెమ్మదిగా సాగుతూ పోయింది. ఒకనాటికి యాంకర్లు జారి వచ్చేశాయి.

2012 డిసెంబరు 2న జపానులోని ససాగో సొరంగంలో సుమారు 140 మీటర్ల మేర సీలింగు పలకలు కూలి 9 మంది చనిపోయారు. 1977లో తెరిచిన ఆ సొరంగంలో కూడా పైన ఊతాలను పట్టుకున్నవి జిగురుతో బిగించిన బోల్టులే. ఒకచోట పట్టు వదిలితే ఆ బరువు పక్కదాని మీద పడింది. జిప్పు ఊడినట్లు వరుసంతా ఊడిపోయింది.

ఈ మూడింటిలోనూ ఊతం పొడవు తప్పు కాదు. మన ఫ్యామిలీలో ఆ హాంగర్లను గీసి ఉంటే, పొడవు, ఎడం, మందం అన్నీ సరిపోయేవి. తప్పంతా కొనలో, అతుకులో, బిగింపులో ఉంది. సాఫ్ట్‌వేరుకు పైతలం దగ్గర తీగ ముగిసిందని తెలుసు. అక్కడ ఏది దానిని పట్టుకుని ఉందో తెలియదు. రెండు ఆకారాలు తాకితే చాలు, దానికి అది కలయికే. తాకడం వేరు, పట్టుకోవడం వేరు.

మరి భూకంపం వస్తే ఈ కొనలకు పరీక్ష ఇంకా కఠినం. 2011 మార్చి భూకంపంలో టోక్యోలోని ఒక సమావేశ మందిరంలో సీలింగు పడి ఇద్దరు చనిపోయారు. దాని తరువాత 2013లో జపాను ప్రభుత్వం నిబంధనలు సవరించింది. 6 మీటర్లకు మించిన ఎత్తులో, 200 చదరపు మీటర్లకు మించిన వైశాల్యంతో, చదరపు మీటరుకు 2 కిలోలకు మించిన బరువుతో వేలాడే సీలింగులకు ప్రత్యేక నియమాలు పెట్టింది. రెండు కిలోలు! మనం పైన లెక్క వేసిన కప్పు దానికి మూడింతలు. తేలిక పలక కదా అని మనం తేలికగా తీసుకునే వస్తువును వాళ్ళు ఎంత బరువుగా తీసుకున్నారో చూడండి.

మరి మనం చేయవలసిందేమిటి?

దీనివల్ల పరామితుల నమూనా వ్యర్థమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నియమాలను ఒకసారి రాసిపెడితే వేలసార్లు తప్పకుండా పాటించే నౌకరు అది. అంతటి నౌకరు ఇదివరకు ఏ ఇంజనీరుకూ దొరకలేదు. కాని నియమం తప్పయితే ఆ తప్పును కూడా వేలసార్లు అంతే శ్రద్ధగా చేస్తుంది. 1229 మి.మీ. ఎడం సంగతి చూశాం కదా!

అందుచేత హాంగరు ఫ్యామిలీ తయారుచేసే ప్రతి విద్యార్థీ అందులో ఇంకొక పరామితి చేర్చాలని నా మనవి. దాని పేరు "పై బిగింపు". అందులో యాంకరు రకం, దాని పరిమాణం, అది ఏ కాంక్రీటులో ఎంత లోతున దిగాలో, ఎవరు పరీక్షించారో రాయాలి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మొదట దానిలో ఉండవలసిన విలువ ఖాళీ కాదు, "తేలలేదు" అనే మాట. ఖాళీ గడిని ఎవరూ చూడరు. పట్టికలో 45 వరుసల్లోనూ "తేలలేదు, తేలలేదు" అని కనిపిస్తుంటే, ఎంత తొందరలో ఉన్నవాడైనా ఒకసారి ఆగి అడుగుతాడు. ఆ ప్రశ్న డ్రాయింగు బల్ల దగ్గర పుట్టాలి. పలక పడిన తరువాత పుట్టకూడదు.

ఆ గడి నింపడానికి కంప్యూటరు ముందునుంచి లేవాలి. కట్టడం జరుగుతున్న చోటికి వెళ్ళి, మేస్త్రీ డ్రిల్లు వేస్తుంటే పక్కన నిలబడి, రంధ్రంలో దుమ్ము ఊదుతున్నాడో లేదో చూడాలి. యాంకరు బిగించాక లాగి పరీక్షించడం చూడాలి. మన పెద్దలు "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నదట" అని ఊరికే అనలేదు. ఒక్క తీగ కొనను చేత్తో పట్టుకుని చూడనివాడు భవనమంతటినీ తెరమీద నిలబెడతానంటే ఎవరు నమ్ముతారు?

మిత్రులారా! ఈ సంచికను మీలో చాలామంది ఏదో ఒక హాలులో, ఏదో ఒక కప్పు కింద కూర్చుని చదువుతూ ఉంటారు. ఒకసారి తలెత్తి చూడండి. ఆ తెల్లని పలకల వెనుక నలభయ్యో యాభయ్యో తీగలున్నాయి. ప్రతి తీగ పైనా ఒక యాంకరు ఉంది. ఎవరో ఒకరు, ఎన్నడో ఒకనాడు, వాటి విషయం తేల్చి ఉంటారన్న నమ్మకంతోనే మనం నిశ్చింతగా పాఠం వింటున్నాం. రేపు ఆ తేల్చవలసినవాళ్ళు మీరే.